మా నూజివీడు మాంత్రికుడు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసిమ్మని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు "ఏం రాయమంటారు సార్?" అని అడిగాను. "పీజీ అయిపోయింది కదరా. తమ్ముళ్ళకి పనికొచ్చేది రాయి. గ్రూప్స్‌కి ఎట్లా చదవాలో రాయి" అన్నారు. సార్, క్షమించాలి. గ్రూప్స్ నేనే ఇంకా కొట్టలేదు. కొట్టనివాడు ఎట్లా కొట్టాలో రాస్తే తమ్ముళ్ళు నవ్వుతారు. అందుకని నాకు బాగా తెలిసిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. తెలిసిన అంటున్నానే గానీ, ఆయన నేను పుట్టడానికి ఇరవై ఎనిమిదేళ్ళ ముందే కన్నుమూశారు. ఆయన పేరు సామర్ల వెంకట రంగారావు. ఎస్వీ రంగారావు అంటే మీకు వెంటనే తెలుస్తుంది. నేపాళ మాంత్రికుడు అంటే ఇంకా తొందరగా తెలుస్తుంది.

నేను 2012లో ఆరో తరగతిలో మన హాస్టల్‌లో చేరాను. నాన్న మామిడి తోటలో కాపలా, అమ్మ కూలి పని. ట్రంకు పెట్టె, అల్యూమినియం పళ్ళెం, గ్లాసు, ఒక దుప్పటి తెచ్చుకుని వచ్చాను. అప్పట్లో హాల్లో ఒక టీవీ ఉండేది, దాని రిమోట్ ఎప్పుడూ పదో తరగతి అన్నల దగ్గరే. ఆదివారం గుడ్డు పెట్టే రోజు. ఆ గుడ్డు తిని హాల్లో చాపల మీద కూర్చుంటే మధ్యాహ్నం పాత సినిమా. అట్లా ఒక ఆదివారం 'మాయాబజార్' చూశాను. 2010లో రంగులు వేశారే, ఆ ప్రింటు. అసలు సినిమా నలుపు తెలుపు అని నాకు డిగ్రీకి వెళ్ళేదాకా తెలియదు.

నేను అప్పటికే ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లవాణ్ణి, రంగు నలుపు. సినిమా అయిపోయేసరికి నాకు పేరు పడిపోయింది, ఘటోత్కచుడు! మెస్‌లో వరుసలో నిలబడితే "ఒరే, వివాహ భోజనం వచ్చింది, అన్నం దాచండి" అని అరిచేవాళ్ళు. మొదట్లో ఏడిచాను. తర్వాత అలవాటైపోయింది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, గర్వంగా ఉండేది. ఎందుకంటే ఆ సినిమాలో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి అందరూ ఉన్నా మేం నడక నేర్చుకున్నది మాత్రం ఘటోత్కచుడిదే. ఇంకో సంగతి గమనించండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు నటించినప్పుడు ఆమె చేసిందంతా రంగారావు గారి కదలికలే. ఆ మీసం మెలేసే చెయ్యి, ఆ నడక! అంత మహానటి ఇంకొక నటుణ్ణి అనుకరించి జనాన్ని మెప్పించిందంటే, ఆ నటుడు తన పాత్రకి ఎంత గట్టి రూపం ఇచ్చి ఉండాలి!

ఎనిమిదో తరగతిలో వార్షికోత్సవానికి నాకు మాంత్రికుడి వేషం ఇచ్చారు. గడ్డం కోసం వంట మాస్టర్ కొబ్బరి పీచు ఇచ్చాడు. మెడలో పూసలు కమాటి తాతవి. ఆ గడ్డం నాటకం మధ్యలో సగం ఊడింది. మా తాత ఆ రోజు చూడటానికి వచ్చి ఆఖరి చాప మీద కూర్చున్నాడు. నాటకం అయ్యాక దగ్గరికి పిలిచి చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "ఏరా, ఆ మాంత్రికుడేసినాయన ఏ ఊరాయనో తెలుసా? ఇక్కడే, మన నూజివీడోడే."

నేను నమ్మలేదు. సినిమా వాళ్ళు మన ఊళ్ళో పుడతారని ఎవరు నమ్ముతారు? కానీ తాత చెప్పింది నిజమే. రంగారావు గారు 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. (అప్పుడు కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది.) ఆయన తాతగారు నూజివీడులో పేరున్న వైద్యుడు, తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి. చదువు కోసం మద్రాసు వెళ్ళారు. స్కూల్లో ఉండగానే ముఖానికి రంగు వేసుకున్నారు. ఆ తర్వాత కాకినాడలో 'యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్' అనే నాటక సమాజంలో చేరారు. అంజలీదేవి గారు కూడా అక్కడి నుంచి వచ్చినావిడే. ఆయన బీఎస్సీ చదివారు. ఫైరాఫీసరు ఉద్యోగం చేశారు. బందరులోనూ విజయనగరంలోనూ మంటలార్పే శాఖలో పని.

ఆ ఉద్యోగం వదిలేసి సినిమాకి వెళ్ళారు! తమ్ముళ్ళూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఇళ్ళలో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి నాటకాలాడతానంటే ఏమవుతుందో ఊహించుకోండి. మా ఇంట్లో అయితే అమ్మ అన్నం మానేస్తుంది. నాన్న ఏమీ అనడు, అదే ఇంకా కష్టం.

వెళ్ళిన మొదటి సినిమా 'వరూధిని'. 1947లో వచ్చింది. అందులో ఆయన ప్రవరాఖ్యుడు. మనుచరిత్ర మాకు ఎం.ఏ.లో పాఠం, అందుకని ఆ సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది. అప్సరస వచ్చి ప్రేమిస్తానంటే వద్దని ఇంటికి పోతానని ఏడ్చే ఆ కుర్ర బ్రాహ్మణుడెక్కడ, మన రంగారావు గారి విగ్రహమెక్కడ! సినిమా ఆడలేదు. వేషాలు రాలేదు. ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరిపోయారు. మహానటుల జీవిత చరిత్రల్లో నాకు బాగా నచ్చే చోటు ఇదే. ఓడిపోయి, సంచి సర్దుకుని, రైలెక్కి, లెక్కలు రాసుకునే ఉద్యోగంలో కూర్చోవడం. తర్వాత ఏమవుతుందో మనకి తెలుసు కాబట్టి మనం ఆ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తాం. ఆ బల్ల ముందు కూర్చున్న మనిషికి తెలియదు కదా.

మళ్ళీ కబురొచ్చింది. బి.ఎ. సుబ్బారావు గారు 'పల్లెటూరి పిల్ల'లో ప్రతినాయకుడి వేషానికి పిలిచారు. సరిగ్గా అప్పుడే ఆయన తండ్రి పోయారు. ఆ కార్యక్రమాలు ముగించుకుని ఆలస్యంగా వెళ్ళేసరికి ఆ వేషం ఇంకొకరికి వెళ్ళిపోయింది. దక్కింది ఒక చిన్న పాత్ర. అయినా ఆయన తిరిగి వెళ్ళలేదు. ఎల్.వి. ప్రసాద్ గారు 1950లో 'షావుకారు'లో సున్నపు రంగడు అనే రౌడీ వేషం ఇచ్చారు. మరుసటి ఏడాది కె.వి. రెడ్డి గారు 'పాతాళభైరవి'లో మాంత్రికుణ్ణి చేశారు. ఇక ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే.

నేను ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఒక రాత్రి పుస్తకం వెనక అట్ట మీద ఒక లెక్క వేశాను. 'మిస్సమ్మ' వచ్చింది 1955 జనవరిలో. అప్పటికి రంగారావు గారి వయసు ముప్ఫై ఆరు. ఆ సినిమాలో ఆయన జమీందారు, పెద్దమనిషి. 'మాయాబజార్' నాటికి ముప్ఫై ఎనిమిది. ఎన్టీ రామారావు గారు 1923లో పుట్టారు, నాగేశ్వరరావు గారు 1924లో. అంటే రంగారావు గారి కన్నా ఐదారేళ్ళు మాత్రమే చిన్న! వాళ్ళు పూలతోటల్లో పాటలు పాడుకుంటుంటే ఈయన నెరిసిన జుట్టు పెట్టుకుని వాళ్ళకి పెళ్ళిళ్ళు చేశారు. 'బంగారు పాప'లో ఆయన కోటయ్య. బి.ఎన్. రెడ్డి గారు తీసిన సినిమా, పాలగుమ్మి పద్మరాజు గారి రచన, జార్జ్ ఎలియట్ 'సైలాస్ మార్నర్' నవల ఆధారం. మొరటు మనిషి చేతికి ఒక పసిబిడ్డ దొరికి మెత్తబడిపోయే కథ. అది తీసేటప్పుడు కూడా ఆయనకి నలభై లేవు. 1973లో 'తాత మనవడు'. చివరికి 1974 జూలై 18న పోయేటప్పటికి ఆయన వయసు యాభై ఆరు. జనం మాత్రం ఆయన్ని ముసలివాడిగా చూడటం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళయింది.

క్యారెక్టర్ యాక్టర్ అంటే అదే మరి. హీరోకి వయసు రాదు, పక్కనున్నవాడికి ముందే వచ్చేస్తుంది.

ఆ లెక్క వేసిన రాత్రి నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ పత్రిక చదివే మీలో సగం మంది మీ ఇళ్ళలో మొదటివాళ్ళే. అందుకే మీకు చెబితే అర్థమవుతుంది. ఆరో తరగతిలోనే బ్యాంకులో నాన్న ఫారం నేను నింపాను. నాన్న వేలిముద్ర వేస్తే నేను సంతకం చేశాను. రేషను కార్డులో పేరు తప్పు పడితే ఆఫీసు చుట్టూ తిరిగింది నేను. చెల్లి పెళ్ళి మాటలప్పుడు పెద్దమనుషుల్లో కూర్చోబెట్టింది నన్నే, అప్పటికి నాకు పంతొమ్మిది. సెలవుల్లో ఇంటికెళితే నాన్న లేచి నించుని "కూర్చో బాబూ" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తెల్ల మీసం మొలిచినట్టు ఉంటుంది. ముప్ఫై ఆరేళ్ళకే జమీందారైన మనిషి నాకు చుట్టంలా అనిపించడానికి కారణం ఇదే.

ఇక ఆయన దర్శకుడైన సంగతికి వస్తాను. నిజానికి ఈ వ్యాసం దాని కోసమే మొదలుపెట్టాను.

1963లో 'నర్తనశాల' వచ్చింది. అందులో కీచకుడు. ఆ వేషానికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. సాధారణంగా అంత పేరొచ్చాక మనిషి ఏం చేస్తాడు? వచ్చిన వేషాలు వేసుకుంటూ సుఖంగా ఉంటాడు. రంగారావు గారు సొంత సంస్థ పెట్టి 1965లో 'నాదీ ఆడజన్మే' నిర్మించారు. దీనికి దర్శకత్వం ఆయనది కాదు, ఎ.సి. త్రిలోకచందర్ గారిది. తమిళంలో 1963లో వచ్చిన 'నానుమ్ ఒరు పెణ్' కథే. తమిళంలోనూ ఆయన నటించారు. కథేమిటంటే, నల్లగా పుట్టిన, చదువులేని ఒక అమ్మాయి పెద్దింటి కోడలిగా వెళితే ఆ ఇంట్లో పడే పాట్లు. రంగారావు గారు మామగారు. ఎన్టీఆర్ గారు భర్త. ఆ నల్లమ్మాయి సావిత్రి గారు.

సొంత డబ్బు పెట్టి సినిమా తీయాలనుకున్నప్పుడు చేతిలో ఎన్ని కథలున్నాయో, రాజులూ రాక్షసులూ ఎంతమంది ఉన్నారో! ఆయన ఎంచుకున్నది మాత్రం చర్మం రంగు వల్ల అవమానపడే ఒక ఆడపిల్ల కథ. ఇది తెలిసినప్పుడు నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది. ఒక్క పేచీ మాత్రం ఉంది. సావిత్రి గారిని నల్లరంగు పూసి నల్లమ్మాయిని చేశారు. దేశంలో నల్లమ్మాయిలు కరువయ్యారా? నల్లగా ఉండటం తప్పు కాదని చెప్పే సినిమాలో కూడా నల్లని పిల్లకి వేషం దొరకలేదు. ఆ రోజుల్లో అంతే అంటారు. ఈ రోజుల్లో మాత్రం ఏమైనా మారిందా అని నేను అడుగుతాను.

నేను ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. డిగ్రీలో ఉండగా మేం 'కృష్ణ రాయబారం' నాటకం వేశాం. తిరుపతి వేంకట కవుల పద్యాలు నాకు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు, తాత నేర్పాడు. కృష్ణుడి వేషానికి పేరిచ్చాను. నాటకం చేయిస్తున్న పెద్దమనిషి (పేరు, ఊరు ఎందుకు లెండి) నా పద్యం పూర్తిగా విని, బాగుందని తల ఊపి, నా చేతికి ద్వారపాలకుడి బల్లెం ఇచ్చాడు. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో గానీ "సార్, కృష్ణుడంటే అర్థమే నలుపు కదా" అన్నాను. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. "ఆ నలుపు వేరు, ఈ నలుపు వేరోయ్. దానికి నీలం రంగు డబ్బా ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బల్లెం పట్టుకుని గంటన్నర నిలబడ్డాను. ఆ కృష్ణుడు రెండు చోట్ల పద్యం మర్చిపోతే వెనక నుంచి అందించింది నేనే.

ఆ రోజు ఒక విషయం తెలిసింది. నాటకంలో అన్నిటికన్నా పెద్ద వేషం హీరోది కాదు, స్టేజి మీద కనపడని మనిషిది. కాగితం పట్టుకుని నువ్వు రాజువి, నువ్వు భటుడివి అని వేషాలు పంచే మనిషిది. రంగారావు గారు కూడా ఇరవై ఏళ్ళు ఇంకొకళ్ళ చేతిలో కాగితం చూసి బతికినవారే. ఎవరో మాంత్రికుడివి అన్నారు, మాంత్రికుడయ్యారు. ఎవరో తండ్రివి అన్నారు, జుట్టు నెరిసింది. 1967లో ఆయన ఆ కాగితం తన చేతిలోకి తీసుకున్నారు.

ఆయన దర్శకత్వం వహించిన మొదటి సినిమా 'చదరంగం' (1967). దానికి రాష్ట్ర ప్రభుత్వం ద్వితీయ ఉత్తమ చిత్రంగా నంది ఇచ్చింది. రెండోది 'బాంధవ్యాలు' (1968). తమిళంలో తాను నటించిన 'కణ్ కండ దైవం' కథనే తీసుకున్నారు. దానికి ఉత్తమ చిత్రంగా బంగారు నంది వచ్చింది. తీసింది రెండు, రెండింటికీ నందులు! సావిత్రి గారు ఇందులోనూ ఉన్నారు. ఆమె కూడా అదే 1968లో 'చిన్నారి పాపలు'తో దర్శకురాలయ్యారు. నటి లక్ష్మి గారిని తెలుగు తెరకి తెచ్చింది ఈ 'బాంధవ్యాలే'.

నటులు దర్శకులు కావడం అప్పటికి కొత్త కాదు. నాగయ్య గారు 1946లోనే 'త్యాగయ్య' తీశారు. భానుమతి గారు 1953లో 'చండీరాణి' తీశారు. రామారావు గారు 1961లో 'సీతారామ కల్యాణం' తీశారు. కానీ వీళ్ళంతా నాయికా నాయకులు, తమ పేరు మీద సినిమా ఆడేవాళ్ళు. పక్క పాత్రలు వేసేవాళ్ళు ఆ కుర్చీ ఎక్కడం వేరు. 'పాతాళభైరవి'లో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా వేసిన పద్మనాభం గారు కూడా 1969లో 'శ్రీరామకథ'తో దర్శకుడయ్యారు. మరుసటి ఏడాదే 'కథానాయిక మొల్ల' తీశారు. కుమ్మరి మొల్ల రామాయణం రాసిన కథ అది. చూశారా, గురువుకి రెండేళ్ళ వెనకే శిష్యుడూ మెగాఫోన్ పట్టుకున్నాడు. అదొక వ్యాసం అవుతుంది, ఇంకో సంవత్సరం రాస్తాను.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి. వేషాలు పంచే అధికారం చేతికొచ్చినప్పుడు రంగారావు గారు పెద్ద పౌరాణికం ఎత్తుకోలేదు. కిరీటం పెట్టుకుని గర్జిస్తే జనం విరగబడి చూస్తారని ఆయనకి తెలియదా? అదే 1967లో ఏవీఎం వారి 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడు ఆయనే! వేరేవాళ్ళ సినిమాల్లో గద పట్టుకున్నారు. తన సినిమాలో మాత్రం ఇల్లు, మనుషులు, బంధుత్వాలు పట్టుకున్నారు. రాక్షసుణ్ణి అడిగితే ఇల్లు కావాలన్నాడన్నమాట. రెండు సినిమాల తర్వాత మళ్ళీ దర్శకత్వం చేయలేదు. తిరిగి ముఖానికి రంగు వేసుకుని ఇంకొకళ్ళ కాగితం ముందు నిలబడ్డారు. బాపు గారి 'సంపూర్ణ రామాయణం'లో రావణుడయ్యారు. బంగారు నంది తీసుకున్న దర్శకుడు, తన కన్నా చిన్నవాళ్ళు "ఇక్కడ నిలబడండి" అంటే నిలబడ్డారు. అది నా వల్ల అవుతుందా అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఇప్పుడు అసలు నా తప్పు చెప్పుకోవాలి.

ఈ సంవత్సరం వార్షికోత్సవానికి కాటిసీను నేర్పమని వార్డెన్ సారు నాకు అప్పగించారు. హరిశ్చంద్ర నాటకం మన వాళ్ళకి కొత్త కాదు. మా పేటలో కాటిసీను పద్యాలు రాని ముసలాయన ఉండడు. అందులో శ్మశానం గురించి పాడే పద్యాలు జాషువా గారివని మాకు పాఠం చదవకముందే తెలుసు. మా తాత తోటలో కాపలా ఉన్నన్నాళ్ళూ రాత్రిళ్ళు ఆ పద్యాలే పాడేవాడు. నక్కలు అరిస్తే వాటికి బదులు పద్యం ఎత్తుకునేవాడని నాన్న చెబుతాడు. కానీ తాత ఎప్పుడూ హరిశ్చంద్రుడు వేయలేదు. కాంట్రాక్టరు హరిశ్చంద్రుణ్ణి బయటి నుంచి తెచ్చేవాడు, హార్మోనియంతో సహా. ఊళ్ళోవాడికి వీరబాహుడు. తాత బతుకంతా కాటికాపరి కర్రే పట్టుకున్నాడు.

సరే, నేను హాస్టల్‌కి వచ్చాను, పిల్లల్ని వరుసగా నిలబెట్టాను, కాగితం తీశాను. తెల్లగా, సన్నగా, ముక్కు తీరుగా ఉన్న పదో తరగతి తమ్ముణ్ణి చూసి హరిశ్చంద్రుడు అని రాశాను. చివర్లో నల్లగా, దిట్టంగా ఉన్న తొమ్మిదో తరగతి తమ్ముణ్ణి చూసి వీరబాహుడు అని రాశాను. ఎవరి చేతా ఒక్క పద్యం పాడించకుండానే. అదంతా పట్టుమని ఐదు నిమిషాల్లో అయిపోయింది.

స్టడీ అవర్ అయ్యాక ఆ తొమ్మిదో తరగతి తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అన్నా, నాకు హరిశ్చంద్రుడి పద్యాలొచ్చు" అన్నాడు. పాడమన్నాను. గుమ్మం వదలకుండానే, గోడకి వీపు ఆనించి పాడాడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. పాడటం అయ్యాక వాడు అడిగాడు. "మరి నేను నల్లగా ఉంటా కదన్నా, రాజుకి పనికిరానా?"

నాకు ఆ బల్లెం గుర్తొచ్చింది. నీలం రంగు డబ్బా గుర్తొచ్చింది. ఆ పెద్దమనిషిని మూడేళ్ళుగా మనసులో తిట్టుకుంటున్నవాణ్ణి నేను. కాగితం నా చేతికి రాగానే ఆయన రాసినట్టే రాశాను. ఈ హాస్టల్‌లో ఉండేవాళ్ళంతా ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే కదా, అయినా అందులోనే తెలుపూ నలుపూ వెతికాను.

ఫోన్ తీసి వాడికి ఒక బొమ్మ చూపించాను. 1956లో రాజ్యం పిక్చర్స్ వారు 'హరిశ్చంద్ర' తీశారు. అందులో హరిశ్చంద్రుడు ఎవరో తెలుసా? రంగారావు గారే. మాంత్రికుడూ కీచకుడూ మాత్రమే అనుకుంటున్నామే, ఆ భారీ మనిషే కట్టెలు పేర్చి కాటిలో నిలబడ్డ సత్యసంధుడు. తాత పదేళ్ళ వయసులో డేరా హాల్లో నేల టిక్కెట్టుతో చూసి వచ్చిన హరిశ్చంద్రుడు ఆయనే. తమ్ముడు ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "ఈయన ఘటోత్కచుడు కదన్నా?" అన్నాడు. "ఆ, ఆయనే" అన్నాను.

మర్నాడు కాగితం చింపి మళ్ళీ రాశాను. పదో తరగతి తమ్ముడు నక్షత్రకుడయ్యాడు. వాడేమీ బాధపడలేదు, నవ్వులన్నీ నక్షత్రకుడికే వస్తాయని వాడికి ముందే తెలుసు. చంద్రమతికి ఏడో తరగతి పిల్లవాడు. వీరబాహుడు వేషం మిగిలిపోయింది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. తిట్టాలి, మందు తాగినట్టు ఊగాలి, పద్యాలు తక్కువ. ఇంటి నుంచి చూడటానికి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారో అని భయం కూడా ఉంటుంది, మనకి తెలియనిది కాదు. రంగారావు గారు తాను దర్శకుడైన సినిమాల్లో తానూ వేషం వేశారు. అది గుర్తు పెట్టుకుని ఆ ఖాళీలో నా పేరే రాసుకున్నాను.

వచ్చే నెల ఒకటో తారీఖున నేను ఒక ప్రైవేటు కంపెనీలో చేరాలి. జీతం ఎంతో అమ్మ పేటంతా చెప్పేసింది. చేరతాను. జంషెడ్‌పూర్ ఉద్యోగం చేసిన మనిషిని ఇన్ని రోజులు చదివాక ఉద్యోగం చేయడం ఓటమి అని నేను అనుకోవడం లేదు. అయితే ఆయన వెనక బీఎస్సీ ఉంది, వైద్యుడైన తాత ఉన్నాడు. నా వెనక మామిడి తోట కాపలా ఉంది, అదీ వేరేవాళ్ళ తోట. ఆయన దూకినంత దూరం నేను దూకలేను. అందుకని ఆదివారాలు నావి అని నాన్నకి చెప్పేశాను. ఆదివారం హాస్టల్‌కి వచ్చి ఈ పిల్లలతో నాటకం చేస్తాను. నాన్న ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం అంత కష్టంగా లేదు.

రిహార్సల్ అని తాతకి చెబితే పోయిన ఆదివారం నాతో వచ్చాడు. ఇప్పుడు ఆయనకి ఎనభై దాకా ఉంటాయి, చూపు ఆనదు. మొదటి వరుసలో కుర్చీ వేస్తే వద్దని చాప మీదే కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి తమ్ముడు పద్యం ఎత్తుకున్నాడు. తాత కళ్ళు మూసుకుని, వేళ్ళతో మోకాలి మీద తాళం వేస్తూ విన్నాడు. ఎక్కడా ఆపలేదు. తర్వాత నేను వీరబాహుడిగా కర్ర పట్టుకుని లోపలికి వచ్చాను. నాలుగడుగులు వేశానో లేదో, తాత లేచాడు.

"ఆగరా. కర్ర అట్టా కాదు పట్టుకునేది" అని నా చేతిలోంచి తీసుకున్నాడు.

— ఎం.ఏ. (తెలుగు), 2012–17 బ్యాచ్ పూర్వ విద్యార్థి